ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్: ఫ్రీహోల్డర్ హక్కులు, బాధ్యతలు, మీరు వేయాల్సిన అడుగులు

మార్చి 25, సెప్టెంబరు 29. ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొనుక్కున్న చాలా కుటుంబాలకు ఈ రెండు తేదీలకు కాస్త అటూ ఇటుగా ఒక కవరు వస్తుంది. లోపల సర్వీస్ ఛార్జ్ డిమాండ్, అంటే భవనం నిర్వహణ ఖర్చులో మీ వాటా కట్టమనే కాగితం, ఉంటుంది. పెద్ద అంకె, కింద గడువు తేదీ, ఆ కింద ఆలస్యమైతే వేసే రుసుము గురించి హెచ్చరిక. స్లౌ, రెడింగ్, హారో, మిల్టన్ కీన్స్ వంటి చోట్ల స్థిరపడిన మనవాళ్లు ఈ కాగితం అందగానే రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు మారుమాట లేకుండా కట్టేస్తారు. కొందరు లిఫ్టు బాగుచేసేదాకా ఒక్క పౌండు కూడా ఇవ్వనని భీష్మించుకు కూర్చుంటారు. మొదటి దారిలో డబ్బు పోతుంది. రెండో దారిలో ఇల్లే పోయే ప్రమాదం ఉంది.

ఈ రెంటికీ మధ్య చట్టం చూపిన మంచి దారి ఒకటి ఉంది. ఫ్రీహోల్డర్‌కు, అంటే నేల, భవనం అసలు యజమానికి, డబ్బు వసూలు చేసే హక్కు ఉన్న మాట నిజమే. కానీ ఆ హక్కు వెనుక ఒక పద్ధతి ఉంది: ఫలానా నోటీసు ఇవ్వాలి, ఫలానా గడువులోగా అడగాలి, అడిగితే లెక్క చూపాలి. ఆ పద్ధతి పాటించారా లేదా అన్నది కాగితాల మీద పరిశీలించడం, లోపం కనబడితే లిఖితపూర్వకంగా అడగడం మీ చేతిలో ఉన్న పని. దీనికి న్యాయవాదే కానక్కరలేదు. ఓపిక కావాలి, ఫైలు కావాలి.

ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్ సంగతి. వేల్స్‌లో చట్టం చాలావరకు ఇదే అయినా ఈ తగాదాలు తేల్చే ట్రిబ్యునల్, కొన్ని నోటీసుల నమూనాలు వేరు. స్కాట్లండ్ పద్ధతి పూర్తిగా వేరు.

మీరు కొన్నది ఏమిటో ముందు తెలుసుకోండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే, ఆ స్థలంలో అవిభక్త వాటా ఇన్ని గజాలని మీ పేరు మీద రిజిస్టర్ అవుతుంది. ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ ఫ్లాట్‌కు ఆ వాటా ఉండదు. నేల, గోడలు, పైకప్పు ఫ్రీహోల్డర్‌వి. మీరు కొన్నది 99 ఏళ్లో, 125 ఏళ్లో, 999 ఏళ్లో ఆ ఫ్లాట్‌ను అనుభవించే హక్కు. అది అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వచ్చు, తాకట్టు పెట్టవచ్చు. కానీ లీజులోని షరతులకు లోబడే.

ఫ్రీహోల్డర్ ఒక పెట్టుబడి కంపెనీ కావచ్చు, స్థానిక కౌన్సిల్ కావచ్చు, హౌసింగ్ అసోసియేషన్ కావచ్చు, మీ పొరుగువారే వాటాదారులుగా ఉన్న చిన్న కంపెనీ కూడా కావచ్చు. మీకు ఉత్తరాలు రాసేది సాధారణంగా మేనేజింగ్ ఏజెంట్. ఏజెంటును నియమించింది ఫ్రీహోల్డర్ కాబట్టి, ఏజెంటు పని చేయకపోతే చట్టం దృష్టిలో జవాబు చెప్పాల్సింది ఫ్రీహోల్డరే. కొన్ని లీజుల్లో మూడో పక్షంగా ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ ఉంటుంది. అప్పుడు మరమ్మతుల బాధ్యత దానిది. ఎవరిదో తెలియకపోతే రాతపూర్వకంగా అడగండి. అద్దె గానీ ఛార్జీలు గానీ వసూలు చేసేవారు ఫ్రీహోల్డర్ పేరు, చిరునామా 21 రోజుల్లో ఇవ్వాలని 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం మొదటి సెక్షనే చెబుతోంది.

మొదటి అడుగు: లీజు కాపీ తెప్పించుకుని చదవండి

ఫ్లాట్ కొన్నప్పుడు సొలిసిటర్, అంటే కొనుగోలు పత్రాలు చూసిన లాయరు, పంపిన ఫైలులో లీజు ఉంటుంది. లేకపోతే ఆస్తి హక్కులు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం. ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి కొద్ది పౌండ్ల రుసుముతో తెప్పించుకోవచ్చు. ముప్ఫై నలభై పేజీల పాత ఇంగ్లిషు చూసి బెదరవద్దు. మొత్తం అర్థం కాకపోయినా పర్వాలేదు. ఈ కింది విషయాలు ఏ పేజీలో ఉన్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి: మీ ఫ్లాట్ హద్దు ఎక్కడిదాకా, ఫ్రీహోల్డర్ ఏమేం చేస్తానని ఒప్పుకున్నారు, మీరేం ఒప్పుకున్నారు, సర్వీస్ ఛార్జ్‌లో మీ వాటా ఎంత శాతం, లెక్కల సంవత్సరం ఎప్పుడు మొదలవుతుంది, రిజర్వ్ ఫండ్ (ముందు రాబోయే పెద్ద పనులకు దాచే సొమ్ము) వసూలు చేసే అధికారం ఉందా, ఫ్రీహోల్డర్ లాయరు ఖర్చులు మీ మీద వేయవచ్చా.

హద్దు దగ్గర ఎక్కువసేపు ఆగండి. తగాదాలన్నీ అక్కడే పుడతాయి. చాలా లీజుల్లో గోడ లోపలి ప్లాస్టరు మీది, గోడ ఫ్రీహోల్డర్‌ది. కిటికీ అద్దం మీదిగా, చట్రం ఫ్రీహోల్డర్‌దిగా రాసిన లీజులున్నాయి. రెండూ మీవేనని రాసినవీ ఉన్నాయి. బాల్కనీ పైపొర ఒకరిది, కింది దిమ్మె మరొకరిది కావచ్చు.

నీళ్లు కారడం తీసుకోండి. మీ వంటింటి పైకప్పు మీద మరక పడింది. పై ఫ్లాట్‌కు మాత్రమే నీరు తెచ్చే గొట్టం కారుతుంటే సాధారణంగా ఆ బాధ్యత పై ఫ్లాట్ వారిది. అదే గొట్టం నాలుగు అంతస్తులకూ నీరు పంపే ఉమ్మడి గొట్టమైతే ఫ్రీహోల్డర్‌ది. తడిసిన పైకప్పు బాగుచేయడానికి డబ్బు బిల్డింగ్ ఇన్సూరెన్సు నుంచి రావచ్చు. ఆ పాలసీ ఫ్రీహోల్డర్ చేతిలో ఉంటుంది. కాబట్టి పై ఇంటి తలుపు తట్టడంతో ఆగకుండా అదే రోజు మేనేజింగ్ ఏజెంటుకు ఫొటోలతో మెయిల్ పంపాలి.

రెండో అడుగు: ఫ్రీహోల్డర్ ఏం చేయాలో జాబితా రాసుకోండి

భవన నిర్మాణం, పైకప్పు, పునాది, మెట్లు, వరండాలు, లిఫ్టు, ఉమ్మడి దీపాలు, కాలువలు. వీటి మరమ్మతు దాదాపు ప్రతి లీజులోనూ ఫ్రీహోల్డర్ పనే. బిల్డింగ్ ఇన్సూరెన్సు చేయించడం కూడా. మిమ్మల్ని అకారణంగా ఇబ్బంది పెట్టకుండా ప్రశాంతంగా ఉండనివ్వాలన్న షరతు లీజులో రాసినా రాయకపోయినా ఉన్నట్లే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. అద్దెకుండేవారికి ఇంటి యజమాని తప్పక చేయాల్సిన మరమ్మతుల గురించి 1985 చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. అది ఏడేళ్లలోపు అద్దె ఒప్పందాలకే. 125 ఏళ్ల లీజున్న మీకు అది వర్తించదు. మీ బలం లీజులోని వాక్యమే. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు లిఫ్టు పాడైందని మాత్రమే రాసి ఊరుకోకండి. లీజులో ఫలానా క్లాజు ప్రకారం లిఫ్టును పనిచేసే స్థితిలో ఉంచాల్సిన బాధ్యత మీది, ఫలానా తేదీ నుంచి అది ఆగిపోయింది, ఎప్పటికి బాగుచేస్తారో 14 రోజుల్లో చెప్పండి అని రాయండి. ఫోనులో మాట్లాడినా ఆ వెంటనే మాట్లాడిన విషయాన్ని మెయిల్‌లో పెట్టండి.

పక్కింటివాళ్ల గోల గురించి ఫ్రీహోల్డర్ తలదూర్చాలా? లీజులో ఇతర లీజ్‌హోల్డర్ల మీద షరతులు అమలు చేస్తామన్న హామీ ఉంటే, దూర్చాలి. కానీ అడిగినవారే ఆ ఖర్చు భరించాలని చాలా లీజులు అంటాయి. అడిగేముందు ఆ వాక్యం చూసుకోండి.

మూడో అడుగు: డిమాండ్ కాగితాన్ని ముందూ వెనుకా చూడండి

సర్వీస్ ఛార్జ్ డిమాండ్ చట్టం ప్రకారం చెల్లుబాటు కావాలంటే అందులో కొన్ని తప్పక ఉండాలి. కవరు విప్పగానే వరుసగా చూడండి.

ఫ్రీహోల్డర్ పేరు, చిరునామా ఉన్నాయా? ఏజెంటుది కాదు, ఫ్రీహోల్డర్‌ది. 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 47వ సెక్షన్ ఇది కోరుతోంది. లేకపోతే ఇచ్చేదాకా ఆ సర్వీస్ ఛార్జ్ కట్టాల్సిన బాకీ కాదు. నోటీసులు పంపడానికి ఇంగ్లండ్‌లో గానీ వేల్స్‌లో గానీ ఒక చిరునామా ఇవ్వాలని 48వ సెక్షన్ చెబుతోంది. ఫ్రీహోల్డర్ కంపెనీ విదేశంలో నమోదై ఉన్నప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది.

మీ హక్కులు, బాధ్యతలు వివరించే ప్రత్యేక పత్రం జతచేశారా? నమూనా చట్టంలోనే ఉంది. అది లేకుండా వచ్చిన డిమాండ్‌కు డబ్బు ఆపే హక్కు మీకుంది. అయితే ఆ పత్రం జతచేసి మళ్లీ పంపితే కట్టాల్సిందే. అంటే ఇది మీకు దొరికిన వ్యవధి మాత్రమే, మాఫీ కాదు. ఈ తేడా తెలియక కొందరు ఏళ్ల తరబడి డబ్బు ఆపి, చివరికి మొత్తం కడతారు.

ఖర్చు ఎప్పటిది? ఇది అన్నిటికంటే పదునైన ప్రశ్న. ఖర్చు అయిన 18 నెలల్లోగా డిమాండ్ పంపాలి. లేదా, ఈ ఖర్చయింది, మీ వాటా తర్వాత అడుగుతాం అని ఆ 18 నెలల్లోపే రాతపూర్వకంగా తెలియజేయాలి. రెండూ చేయకపోతే ఆ ఖర్చు మీరు కట్టనక్కరలేదు. ఉదాహరణకు కాలువ బాగుచేసిన కాంట్రాక్టర్ బిల్లు 2024 మార్చి 10న వచ్చిందనుకుందాం. 2025 సెప్టెంబరు 10 దాటాక మొదటిసారి మిమ్మల్ని ఆ డబ్బు అడిగితే, ఆ గడువు దాటిపోయినట్లే. 1985 చట్టంలో ఇది 20బి సెక్షన్. ముందుగా అంచనా మీద వసూలు చేసిన డబ్బుకు ఇది ఇంత సూటిగా వర్తించదు. ఏడాది చివర లోటు పడిందని అదనంగా అడిగినప్పుడు మాత్రం తప్పక ఈ తేదీలు చూడండి.

మీ వాటా శాతం లీజులో ఉన్నదేనా? రిజర్వ్ ఫండ్ వసూలుకు లీజు అనుమతిస్తోందా? అనుమతిస్తే, ఆ డబ్బును ఫ్రీహోల్డర్ సొంత డబ్బుతో కలపకుండా మీ అందరి తరఫున ట్రస్టుగా ఉంచాలి. ఫ్లాట్ అమ్మినప్పుడు సాధారణంగా ఆ డబ్బు మీకు తిరిగి రాదు, భవనంతోనే ఉండిపోతుంది.

గ్రౌండ్ రెంట్, అంటే లీజు ప్రకారం ఫ్రీహోల్డర్‌కు కట్టే నేల అద్దె, సంగతి వేరు. నిర్ణీత నమూనాలో నోటీసు వచ్చేదాకా అది బాకీ కాదు. 2022 జూన్ 30 నుంచి ఇచ్చిన కొత్త దీర్ఘకాల లీజుల్లో చాలావాటికి గ్రౌండ్ రెంట్ పేరుకే తప్ప డబ్బు రూపంలో ఉండకూడదు. రిటైర్‌మెంట్ ఫ్లాట్లకు ఇదే నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు తీసుకున్న లీజుల్లో రాసిన మొత్తమే నడుస్తుంది.

నాలుగో అడుగు: పెద్ద పనుల నోటీసు వస్తే ముప్ఫై రోజులు వృథా చేయకండి

పైకప్పు మార్చడం, లిఫ్టు కొత్తది పెట్టడం, బయటి గోడలకు రంగు. ఇలాంటి పనిలో ఏ ఒక్క లీజ్‌హోల్డర్ వాటా అయినా వ్యాట్‌తో కలిపి 250 పౌండ్లు దాటితే, ఫ్రీహోల్డర్ ముందుగా అందరినీ సంప్రదించాలి. ఇంగ్లండ్‌లో ఫ్లాట్ ఉన్నవాళ్లందరూ సెక్షన్ 20 అని పిలిచేది దీన్నే. ఏడాదికి మించిన కాంట్రాక్టులకు, అంటే క్లీనింగ్‌కో లిఫ్టు నిర్వహణకో ఇచ్చినవాటికి, ఒక్కొక్కరి వాటా ఏడాదికి 100 పౌండ్లు దాటితే అదే నియమం.

మొదట ఉద్దేశం తెలిపే నోటీసు వస్తుంది. ఏ పని, ఎందుకు అన్నది అందులో ఉంటుంది. అభిప్రాయం చెప్పడానికి 30 రోజులు. ఈ దశలోనే మీకు తెలిసిన కాంట్రాక్టర్ పేరు కూడా సూచించవచ్చు. చాలామంది ఈ కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోతారు. నిజానికి మీ మాటకు ఎక్కువ విలువ ఉండేది ఇప్పుడే, ధరలు ఇంకా ఖరారు కాలేదు కాబట్టి. తర్వాత అంచనాల నోటీసు వస్తుంది. కనీసం రెండు అంచనాలుండాలి, వాటిలో ఒకటైనా ఫ్రీహోల్డర్‌తో సంబంధం లేనివారిది కావాలి. దానికీ 30 రోజులు. తక్కువ ధర చెప్పినవారికో మీరు సూచించినవారికో కాకుండా మరొకరికి పని ఇస్తే, కాంట్రాక్టు కుదిరిన 21 రోజుల్లో కారణాలు చెప్పాలి.

ఈ సంప్రదింపు జరగకపోతే ఏమవుతుంది? లెక్క వేసి చూద్దాం. 40 ఫ్లాట్ల భవనంలో పైకప్పుకు 60,000 పౌండ్లు అయ్యాయి, వాటాలు సమానం. ఒక్కొక్కరికి 1,500 పౌండ్లు. సంప్రదించకుండా చేస్తే ఒక్కొక్కరి దగ్గర 250 పౌండ్లకు మించి వసూలు చేయలేరు. మొత్తం 10,000 వస్తాయి, మిగిలిన 50,000 ఫ్రీహోల్డర్ భరించాలి. అయితే ఆ ఫ్రీహోల్డర్ మీరందరూ వాటాదారులుగా ఉన్న కంపెనీయే అయితే, ఆ లోటు తిరిగి మీ మీదే పడుతుందని మరవకండి.

ఇంకో జాగ్రత్త. సంప్రదింపు నుంచి మినహాయింపు ఇవ్వమని ఫ్రీహోల్డర్ ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. లండన్ మస్వెల్ హిల్‌లోని ఒక భవనం విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి దారి చూపింది. డేజాన్ ఇన్వెస్ట్‌మెంట్స్, బెన్సన్ పక్షాల మధ్య కేసు అది. పద్ధతి తప్పారా అన్నదొక్కటే చాలదు, దానివల్ల లీజ్‌హోల్డర్లకు జరిగిన నష్టం ఏమిటన్నది ప్రశ్న అని కోర్టు చెప్పింది. మినహాయింపు ఇస్తూనే, బిల్లులో 50,000 పౌండ్లు తగ్గించాలని, లీజ్‌హోల్డర్ల ఖర్చులు చెల్లించాలని షరతు పెట్టింది. దీన్నుంచి మీరు తీసుకోవాల్సింది ఇదీ: నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేవాడినో, దానివల్ల ఎంత తగ్గేదో కాగితం మీద చూపగలగాలి. పక్క వీధి కాంట్రాక్టర్ దగ్గర తీసుకున్న ఒక్క రాతపూర్వక కొటేషన్ పది పేజీల ఆవేశపు ఉత్తరం కంటే బలంగా నిలబడుతుంది.

ఐదో అడుగు: లెక్కలు అడగండి, బిల్లులు చూడండి

గడిచిన లెక్కల సంవత్సరపు ఖర్చుల సారాంశం ఇవ్వమని రాయండి. 1985 చట్టం 21వ సెక్షన్ ప్రకారం అడిగిన నెలలోగా, లేదా లెక్కల సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోగా, ఏది తర్వాతైతే ఆలోగా ఇవ్వాలి. అది అందిన ఆరు నెలల్లోపు, బిల్లులు, రసీదులు చూపమని 22వ సెక్షన్ కింద అడగవచ్చు. నెలలోగా చూపడం మొదలుపెట్టి రెండు నెలలపాటు అందుబాటులో ఉంచాలి. సరైన కారణం లేకుండా నిరాకరించడం నేరం.

బిల్లులు చూసేటప్పుడు ఏం వెతకాలి? ఒకే పనికి రెండుసార్లు బిల్లు ఉందా. మీ బ్లాకు కాక పక్క బ్లాకు చిరునామా ఉన్న బిల్లు మీ లెక్కలో చేరిందా. బల్బు మార్చడానికి వచ్చిన మనిషి పేరు మీద సగం రోజు కూలీ వేశారా. క్లీనింగ్ వారానికి ఒకసారి అని కాంట్రాక్టులో ఉండి, నిజంగా ఎన్నిసార్లు వచ్చారు. ఈ చివరిదానికి వరండాలో తేదీ కనిపించేలా తీసిన ఫొటోలు సాక్ష్యం.

ఇన్సూరెన్సు మీద ప్రత్యేక దృష్టి పెట్టండి. పాలసీ సారాంశం అడిగితే 21 రోజుల్లో ఇవ్వాలి. ప్రీమియంలో ఏజెంటుకో ఫ్రీహోల్డర్‌కో ఎంత కమీషన్ పోతోందో చాలా ఏళ్లు లీజ్‌హోల్డర్లకు తెలిసేదే కాదు. 2023 డిసెంబరు 31 నుంచి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్.సి.ఎ. నిబంధనల వల్ల ఆ వివరాలు అడిగే వీలు కలిగింది. అడగండి. డబ్బు కట్టేది మీరైనప్పుడు అది ఎవరి జేబులోకి పోతోందో తెలుసుకునే హక్కు మీకు ఉండి తీరాలి.

ఆరో అడుగు: డబ్బు ఆపకండి, అభ్యంతరంతో కట్టండి

ఇదే నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది. ఖర్చు అన్యాయమని మీకు ఎంత నమ్మకమున్నా, డిమాండ్ పద్ధతి ప్రకారం వచ్చి ఉంటే, అభ్యంతరం తెలుపుతూ కట్టండి. కట్టినంత మాత్రాన మీరు ఆ మొత్తాన్ని ఒప్పుకున్నట్లు కాదని 1985 చట్టం 27ఎ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కట్టాక కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కట్టేటప్పుడు, నా హక్కులు వదులుకోకుండా, ఫలానా ఖర్చు మీద అభ్యంతరంతో చెల్లిస్తున్నాను అని మెయిల్ పంపండి. తగాదా లేని భాగాన్ని వేరుగా, వెంటనే కట్టేయండి.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఫ్రీహోల్డర్ చేతిలో ఉన్న అతిపెద్ద ఆయుధం ఫోర్‌ఫీచర్, అంటే లీజునే రద్దు చేయించడం. దానికి గట్టి అడ్డంకులున్నాయి. బాకీ 350 పౌండ్లకు మించాలి, లేదా మూడేళ్లకు పైబడి ఉండాలి. సర్వీస్ ఛార్జ్ అయితే అది నిజంగా బాకీయేనని ట్రిబ్యునల్‌లోనో కోర్టులోనో తేలాలి, లేదా మీరే ఒప్పుకోవాలి. తర్వాత 1925 నాటి ఆస్తి చట్టం కింద 146వ సెక్షన్ నోటీసు, ఆపై కోర్టు ఉత్తర్వు. లీజు రద్దు దాకా వెళ్లేవి బహు తక్కువ. కానీ ఈ లోపే వారు మీ మార్ట్‌గేజ్ బ్యాంకుకు రాస్తారు. బ్యాంకు తన తాకట్టును కాపాడుకోవడానికి ఆ డబ్బు, లాయరు ఖర్చులతో సహా కట్టి మీ అప్పుకు కలుపుతుంది. తగాదా ముగియకుండానే మీరు ఓడిపోయినట్లవుతుంది.

ఏడో అడుగు: ఫిర్యాదు, ఆ తర్వాత ట్రిబ్యునల్

ముందు ఏజెంటు సొంత ఫిర్యాదు పద్ధతి పూర్తి చేయండి. 2014 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో నివాస భవనాల మేనేజింగ్ ఏజెంట్లు ఆమోదం పొందిన ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యులుగా ఉండి తీరాలి. సేవ బాగాలేదు, జవాబివ్వడం లేదు, లెక్కలు గందరగోళం వంటివి అక్కడికి తీసుకెళ్లవచ్చు. ఖర్చు న్యాయమా కాదా అన్నది మాత్రం ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ ప్రాపర్టీ ఛాంబర్ తేల్చాలి.

అక్కడ చూసే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. లీజు ఈ ఖర్చును అనుమతిస్తోందా? ఖర్చు చేయడం సమంజసమా? పని తగిన ప్రమాణంలో జరిగిందా? ధర ఎక్కువన్నది మీ వాదనైతే దానికి ఆధారం మీరే చూపాలి. లాయరు లేకుండా వాదించుకోవచ్చు. మధ్యవర్తిత్వం కూడా ఉంది. దరఖాస్తుతోపాటే, ఈ కేసులో ఫ్రీహోల్డర్‌కు అయిన ఖర్చులను నా సర్వీస్ ఛార్జ్‌లో వేయకుండా ఆదేశించండి అని 20సి సెక్షన్ కింద కోరడం మరవకండి. అది కోరకపోతే గెలిచి కూడా వాళ్ల లాయరు బిల్లు మీరు కట్టాల్సి రావచ్చు.

ఒంటరిగా వెళ్లకండి. భవనంలో సగం మంది కలిస్తే గుర్తింపు పొందిన అసోసియేషన్ పెట్టుకోవచ్చు. అప్పుడు లెక్కలు పరిశీలించడానికి సర్వేయరును నియమించుకునే హక్కు కూడా వస్తుంది. ప్రభుత్వ నిధులతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ మొదటి సలహా ఉచితంగా ఇస్తుంది.

అగ్ని భద్రత: ఎవరి ఖర్చు, ఎవరి పని

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. ఆ తర్వాత చట్టం చాలా మారింది. 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం ప్రకారం 11 మీటర్లు, లేదా ఐదంతస్తులు, ఆపైన ఉన్న భవనాల్లో అర్హత ఉన్న లీజ్‌హోల్డర్ల నుంచి ప్రమాదకరమైన క్లాడింగ్ (బయటి గోడలకు బిగించే తొడుగు) తొలగించే ఖర్చు వసూలు చేయకూడదు. భవనంలో ముందునుంచీ ఉన్న ఇతర భద్రతా లోపాలకు సాధారణంగా లండన్‌లో 15,000, మిగతా ఇంగ్లండ్‌లో 10,000 పౌండ్ల పరిమితి ఉంది. కొన్ని పరిస్థితుల్లో అదీ కట్టనక్కరలేదు. పది లక్షల పౌండ్లు దాటిన విలువైన ఫ్లాట్లకు పరిమితి ఎక్కువ.

అర్హతకు ఆధారం 2022 ఫిబ్రవరి 14 నాటి పరిస్థితి. ఆ రోజు ఆ ఫ్లాట్ అప్పటి యజమానికి ముఖ్య నివాసమై ఉండాలి, లేదా వారికి యునైటెడ్ కింగ్‌డమ్‌లో మొత్తం మూడుకు మించి ఇళ్లు ఉండకూడదు. ఇక్కడ మనవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఒకటుంది. గుంటూరులో ఉన్న తాతగారి ఇల్లు, హైదరాబాద్‌లో కొన్న రెండు ఫ్లాట్లు ఈ లెక్కలోకి రావు. లెక్కించేది యునైటెడ్ కింగ్‌డమ్‌లోని ఇళ్లే. దీన్ని ధ్రువీకరించే పత్రం నింపి ఫ్రీహోల్డర్‌కు ఇచ్చి, కాపీ భద్రపరచండి. ఫ్లాట్ అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ మొదట అడిగేది అదే.

మీ వంతు కూడా ఉంది. 11 మీటర్లు దాటిన భవనాల్లో మెట్లు, వరండాల తలుపులను మూడు నెలలకోసారి, మీ ఫ్లాట్ ప్రధాన ద్వారాన్ని ఏడాదికోసారి తనిఖీ చేసే బాధ్యత భవనానికి జవాబుదారీగా ఉన్నవారిది. వారు వచ్చినప్పుడు తలుపు చూపించాలి. ఆ తలుపు అగ్నిని నిరోధించేది. అనుమతి లేకుండా మార్చకండి, చిల్లు వేసి కొత్త తాళం బిగించకండి. గుమ్మం బయట చెప్పుల స్టాండు పెట్టడం మనకు అలవాటు. ఇక్కడ అది పొగలో దారి వెతుక్కునేవారికి అడ్డం. తీసేయమని ఏజెంటు రాస్తే వాదించకుండా లోపల పెట్టుకోండి. గృహప్రవేశానికి హోమం చేయాలనుకుంటే ముందే ఏజెంటును అడగండి. పొగ అలారం మోగితే భవనమంతా ఖాళీ చేయాల్సి రావచ్చు.

ఫ్రీహోల్డర్‌కు మీ నుంచి న్యాయంగా అందాల్సినవి

లోపలి భాగం బాగా ఉంచుకోవడం, తగిన నోటీసు ఇచ్చి వస్తే తనిఖీకి అనుమతించడం, గోడలు కదిపేముందు అనుమతి తీసుకోవడం. కార్పెట్ తీసి చెక్క ఫ్లోరింగ్ వేయడం కూడా చాలా లీజుల్లో అనుమతి కావాల్సిన పనే. కింద ఇంటివారికి అడుగుల చప్పుడు వినబడటమే కారణం. ఫ్లాట్ అద్దెకిస్తే అనుమతో నోటీసో అవసరం కావచ్చు. మీ అద్దెదారు షరతు తప్పితే జవాబుదారీ మీరే. అనుమతి రుసుములు, ఆలస్య రుసుములు ఎంతైనా వేయడానికి వీల్లేదు. అవి సమంజసంగా ఉండాలి, వాటినీ ట్రిబ్యునల్‌లో ప్రశ్నించవచ్చు.

నిర్వహణే మీ చేతికి తీసుకోవాలంటే

ఏజెంటు మీద విసిగిపోయిన భవనాలకు రైట్ టు మేనేజ్ అనే దారి ఉంది. ఫ్రీహోల్డర్ తప్పు చేశారని నిరూపించనక్కరలేదు. భవనంలో మూడింట రెండు వంతుల ఫ్లాట్లు దీర్ఘకాల లీజువై ఉండాలి, కనీసం సగం ఫ్లాట్ల వారు కలిసి కంపెనీ పెట్టాలి. 2025 మార్చి 3 నుంచి నియమాలు సడలాయి. కింద దుకాణాల వంటి నివాసేతర భాగం సగం దాకా ఉన్నా పర్వాలేదు, ఇదివరకు పాతిక శాతమే. ఈ దారిలో ఫ్రీహోల్డర్‌కు అయ్యే ఖర్చులు మీరు భరించే పద్ధతి కూడా సాధారణంగా పోయింది. కానీ ఆ తర్వాత లిఫ్టు ఆగితే ఫోను వచ్చేది మీకే. సమయం వెచ్చించగల ఇద్దరు ముగ్గురు లేకపోతే ఈ దారి పట్టకండి. నిర్వహణ మరీ అధ్వానంగా ఉంటే 1987 చట్టం 24వ సెక్షన్ కింద మేనేజరును నియమించమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. సగం ఫ్లాట్ల వారు చేరితే ఫ్రీహోల్డే కొనేయవచ్చు.

ఇవేవీ వద్దనుకున్నా లీజు ఎన్నేళ్లు మిగిలిందో చూసుకోండి. 80 ఏళ్లకు తగ్గితే పొడిగింపు ఖర్చు బాగా పెరుగుతుంది. 1993 నాటి లీజ్‌హోల్డ్ సంస్కరణ చట్టం కింద పొడిగిస్తే 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ పోతుంది. కొని రెండేళ్లు ఆగాలన్న నియమాన్ని 2025 జనవరి 31 నుంచి ఎత్తేశారు. 990 ఏళ్ల పొడిగింపు వంటి 2024 సంస్కరణలు చట్టమైనా, అమలు తేదీలు విడివిడిగా ప్రకటిస్తారు. వాటి కోసం ఆగాలా వద్దా అన్నది మిగిలిన ఏళ్లను బట్టి సొలిసిటర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

ఇండియాకు తిరిగి వెళ్లేవారికి

ఫ్లాట్ అద్దెకిచ్చి స్వదేశానికి వెళ్లిపోయినవారికి నోటీసులు ఆ ఫ్లాట్‌కే పోతుంటాయి. అద్దెదారు వాటిని మూల పడేస్తాడు. మీకు తెలిసేసరికి 30 రోజులు, 60 రోజులు దాటిపోయి, బాకీకి కోర్టు తీర్పు కూడా వచ్చి ఉండవచ్చు. బయల్దేరేముందు కొత్త చిరునామా, మెయిల్ ఏజెంటుకు రాతపూర్వకంగా ఇచ్చి అందినట్లు జవాబు తీసుకోండి. ల్యాండ్ రిజిస్ట్రీలో మూడు చిరునామాల దాకా నమోదు చేసుకోవచ్చు. వాటిలో ఇండియా చిరునామా, ఈమెయిల్ కూడా ఉండవచ్చు. ఈ మార్పుకు రుసుము లేదు.